సంతకాల కాగితం

దగ్గరికి రండి. ఇంజన్ ఆపు టిబోర్, నా మాట నాకే వినపడటం లేదు.
ఆరూ నలభై. మౌమీ నది మీంచి గాలి
రంపంలా వస్తోంది. చేతులు జేబుల్లోనే ఉంచుకోండి,
చెవులు బయటికి తీస్తే చాలు.

మొదట రోజూ చెప్పేదే.
పరంజాకి పచ్చ చీటీ ఉంటేనే ఎక్కాలి.
రాత్రి మంచు కురిసింది. పలకని ముందు మడమతో తట్టండి,
అది బదులు చెప్పాకే బరువు మోపండి.
కొక్కెం తగిలించాననుకోవడం వేరు,
తగిలించి, లాగి, ఆ టక్కుమన్న చప్పుడు వినడం వేరు.
మూడో అంతస్తులో గొయ్యి మీద కప్పిన ప్లైవుడ్‌ని
నిన్నెవరో భోజనం బల్ల చేసుకున్నారు.
ఎవరని అడగను.
మళ్ళీ మేకులు కొట్టి, ఎర్ర రంగుతో రాశాను.
తెరిచిన గొయ్యిని చూసి ఎవడైనా పక్కకి తొలుగుతాడు,
మనిషిని మింగేది కప్పి ఉన్నదే.

ఇక రెండోది. ఇది కంపెనీ ఇచ్చిన జాబితాలో లేదు.

మార్సెలస్, నీ పేరు చెప్పనా?
సరే, తల ఊపాడు.
అక్టోబరులో నిచ్చెన మీంచి పడ్డాడు, మీరంతా చూశారు.
మణికట్టు అతుక్కుంది గానీ పరిహారం డబ్బు
ఇంకా ఎవరి బల్ల మీదో నిద్రపోతోంది.
ఇంటి అప్పు మూడు వాయిదాలు తప్పాయి.
జప్తు నోటీసు కోర్టు కాగితాల్లోకి ఎక్కితే చాలు,
గద్దలకి చిరునామా దొరికిపోతుంది.
గోరుచుట్టు మీద రోకటిపోటు, మొన్న తలుపుకి పసుపు కాగితం:
మీ ఇల్లు మేం కాపాడతాం.
బూట్లకి మట్టంటని మనిషట,
కుక్క పేరు కూడా అడిగి తెలుసుకున్నాడట.
బ్యాంకు వాళ్ళ ఫోన్ ఎత్తొద్దన్నాడట.
ముందుగా పద్దెనిమిది వందల డాలర్లు,
ఇల్లు తాత్కాలికంగా తన పేరున,
ఏడాది అద్దెకుండి మళ్ళీ కొనుక్కోవచ్చట.

తాత్కాలికంగా!
మనం కట్టే పరంజా తాత్కాలికం.
పత్రంలో పేరు మారిందంటే అది గట్టిపడ్డ కాంక్రీటు.

నవ్వకండి. నాకెలా తెలుసో చెబుతాను.
పదకొండేళ్ళ కిందట నాకో ఇల్లుండేది, ఇటుక మెట్లది.
వెనక వరండా నేనే కట్టుకున్నాను,
నీటిమట్టం బుడగ నడిమధ్య నిలిచేదాకా రెండుసార్లు విప్పి.
అతను నా ట్రక్కు బానెట్ మీద కాగితాలు పరిచాడు,
పెన్ను మూత కూడా తనే తీసిచ్చాడు.
ఆరు పేజీలు.
నేను చూసింది అతను గుర్తు పెట్టిన గీతలే.
మీలో ఒక్కరినీ కొక్కెం లేకుండా కదలనివ్వని
ఈ ఒడెస్సా ప్రూయిట్
అంత ఎత్తు నుంచి ఉత్త చేతులతో దూకేసింది.
నేను కింద పడ్డ చప్పుడు నాకు వినపడటానికి
ఎనిమిది నెలలు పట్టింది.
తడిగుడ్డతో గొంతు కోయడమంటే విన్నారు కదా,
ఆ గుడ్డ తడిపిచ్చింది నేనే, కాఫీ కూడా పోశాను.

ఎవరికీ చెప్పుకోలేదు. సిగ్గు.
వేలు తెగితే రిపోర్టు రాస్తాం,
మోసపోతే మాత్రం నోరు కుట్టేసుకుంటాం.
నా తర్వాత అదే వీధిలో ఇంకో రెండిళ్ళు పోయాయి.
నేను నోరు తెరిచుంటే...
సరే, అది నా లెక్క.

యూనియన్ హాలు మేడ మీద గురువారాలు
బరాన్యి అనే పెద్దావిడ కూర్చుంటుంది.
డాలరు అడగదు, ప్రతి పేజీ చదివి పెడుతుంది,
బ్యాంకుకి తనే ఫోన్ చేయిస్తుంది.
ఆమె పెట్టే టీ మాత్రం భరించాలి.
మార్సెలస్, మూడున్నరకి నా బండెక్కు.
ఆ పసుపు కాగితం పారేయకు, అదే సాక్ష్యం.

అంతే. మాట విన్నట్టు సంతకాలు పెట్టండి.
త్వరగా, అట్ట ఇటు ఇవ్వండి.
టిబోర్, ఏమైంది? పెన్ను గడ్డకట్టిందా?

చదువుతున్నావా?
పైనుంచి కింది దాకా?

గేటు దగ్గర కాంక్రీటు లారీ హారన్ కొడుతోంది.
కొట్టనీ.
నువ్వు చదువు.